కెమెరాలో పడ్డ పిల్ల

ఆ కెమెరాని మొదటిసారి చూసినవాళ్ళు సబ్బుపెట్టె అనుకునేవాళ్ళు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. నల్లటి ప్లాస్టిక్ డొక్కు. మూలలు అరిగి బూడిదరంగుకి తిరిగాయి. వెనక తలుపు గొళ్ళెం ఏనాడో విరిగిపోతే, దాని చుట్టూ జడకి పెట్టుకునే లావుపాటి రబ్బరు బ్యాండు ఒకటి బిగించారు. పైన ఫ్లాష్ ఉంది గాని అది అలంకారానికే. ఎన్ని ఫోటోలు తీశామో చూపించే ముల్లు ఒకచోట ఆగి మొండికేసింది. రీలు ముందుకి జరిపే చక్రాన్ని బొటనవేలితో తిప్పితే సగం దూరం మర్యాదగా వచ్చేది, మిగతా సగానికి పళ్ళు బిగించి తోయాలి. అన్నిటికంటే ఘోరం, అయిపోయిన రీలుని మళ్ళీ దాని డబ్బాలోకి చుట్టేసే చిన్న పిడి ఒకటుంటుంది చూడండి, అది అసలు లేనే లేదు. కాబట్టి తీసిన ఫోటోలన్నీ ఆ డొక్కులోనే, ఆ రబ్బరు బ్యాండు దయమీద బతకాలి. ఫోటో ల్యాబ్ ఆయన తన నల్లసంచీలోకి చేతులు దూర్చి, చూడకుండా తడుముకుంటూ రీలుని విడదీసేదాకా అంతే సంగతులు.

ఇన్ని సుగుణాలున్న వస్తువుని పాతసామాన్ల బజారులో వెతికి మరీ తెచ్చిన ఘనుడు పెద్దనాన్న. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పాడైపోయింది అన్న మాట ఆయన నోటివెంట రాదు. "కాస్త పనుంది" అంటాడు. ఇస్త్రీపెట్టెకి కాస్త పనుండి ఎన్నాళ్ళుగానో అటకమీద ఉంది. గోడగడియారానికి కాస్త పనుండి ఎప్పుడు చూసినా మధ్యాహ్నమే చూపిస్తోంది. "ఊళ్ళో లిఫ్టులన్నీ ఈయన చెయ్యి తగిలితే చకచకా తిరుగుతాయి, ఇంట్లో మాత్రం ఒక్క వస్తువూ ఉన్నచోటు నుంచి కదలదు" అని పెద్దమ్మ దెప్పేది.

ఎవరికి పెద్దమ్మ, ఎవరికి పెద్దనాన్న అంటారా? ఆ ఇంటికి వచ్చిన పిల్లలందరికీ. వాళ్ళకి సొంత పిల్లలు కలగలేదు. కన్నవాళ్ళ దగ్గర ఉండే దారిలేని పిల్లల్ని, శాశ్వతంగా పెంచుకునేవాళ్ళు దొరికేదాకా, శిశు సంక్షేమ ఆఫీసువాళ్ళు తెచ్చి ఈ దంపతుల దగ్గర ఉంచేవాళ్ళు. కొందరు కొన్ని వారాలుండేవాళ్ళు, కొందరు ఏడాది పైగా ఉండేవాళ్ళు. అమ్మా అని ఎవరైనా నోరుజారితే ఆమె మెల్లగా సరిదిద్దేది. "ఆ పిలుపు ఇంకొకావిడది. మనం ముందే వాడేసుకుంటే ఆవిడకేం మిగులుతుంది?" అనేది భర్తతో. మాటగా అనడం తేలికే. జ్వరంతో ఒళ్ళు కాలిపోతూ పసిపిల్ల అమ్మా అని మెడ పట్టుకున్నప్పుడు సరిదిద్దడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

పెద్దమ్మది కుట్టుపని. ముందుగదిలో కిటికీ పక్కన మెషీను, దాని కింద ముక్కగుడ్డల గంప. పొడుగైన ప్యాంట్లు పొట్టి చేసేది, బిగుతైన గౌన్లు వదులు చేసేది, కర్టెన్లకి అంచులు కుట్టేది. ఇంటికి వచ్చిన ప్రతి బిడ్డకీ తన చేత్తో ఒక గౌనో చొక్కానో కుట్టి పంపేది. అందుకే ఆ పిల్లలందరి కొలతలూ ఆమెకి కంఠతా వచ్చు.

ఒకరోజు మెషీను తొక్కుతూ తొక్కుతూ చటుక్కున ఆగిపోయింది. ఆ ఇంటికి మొట్టమొదట వచ్చిన పిల్లాడి మొహం గుర్తు తెచ్చుకుందామంటే రావట్లేదు. చేతి పొడవు గుర్తుంది. ఎడమ భుజం కాస్త వంగి ఉండేదని గుర్తుంది. చొక్కాకి ఏ గుండీలు వేసిందో కూడా గుర్తుంది. ఆ భుజాల మీద ఉండాల్సిన మొహం మాత్రం లేదు. రెండో పిల్లని తలచుకుంది. ఆ పిల్లా అంతే. 

భర్త ఇంటికి వచ్చేసరికి కుర్చీలోనే కూర్చుని ఏడుస్తోంది.

"మొహాలు పోతున్నాయండీ నాకు. గౌన్లు మిగిలాయి, పిల్లలు పోయారు. చేత్తో పెంచిన బిడ్డ మొహం మర్చిపోయేదాన్ని నేనేం మనిషిని?"

ఫోటోలు ఎందుకు లేవంటే, ఆఫీసులో ఆ పిల్లల వ్యవహారం చూసే మేడమ్ మొదట్నుంచీ గట్టిగా చెప్పిన నియమం అది. పిల్లల ఫోటోలు ఫోనులో పెట్టుకోకూడదు, ఎవరికీ పంపకూడదు. ఆ పిల్ల ఎక్కడుందో తెలియకూడని మనుషులు కొందరుంటారు. ఫోనులో ఉన్నది ఎలా పాకుతుందో ఎవరూ చెప్పలేరు. పెద్దమ్మ ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించింది. ఆమెకి నియమం మీద కోపం లేదు, తన బుర్ర మీదే కోపం.

ఆ తర్వాతే పెద్దనాన్న ఆ డొక్కుని తెచ్చి, తుడిచి, రబ్బరు బ్యాండు బిగించి ఆమె ముందు పెట్టాడు. "ఫోనులో కదా వద్దన్నది? ఇది ఫోనా? దీంట్లోంచి ఎక్కడికీ పాకదు. పాకడానికి దీనికి కాళ్ళు కూడా లేవు."

"తెలివితేటలకేం తక్కువ లేదు," అంది పెద్దమ్మ. దొంగతనంగా చేయడం ఆమెకి ఇష్టం లేదు. మేడమ్ వచ్చినప్పుడు కెమెరాని బల్లమీద పెట్టి నేరుగా అడిగేసింది. మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అలసిపోయిన మొహంతోనే నవ్వింది. "ఇందులో ఫోటోలు పడతాయా అసలు? సరే. పడితే ఒక్కటంటే ఒక్కటి ఉంచుకోండి. మీ దగ్గరే ఉండాలి, ఎవరికీ చూపించకూడదు. మిగతావి నాకిచ్చేయండి."

ఒక్కటి చాలు అనుకుంది పెద్దమ్మ. ఇకముందు వచ్చే బిడ్డ మొహం ఒక్కటైనా పోకుండా ఉంటే చాలు.

ఆ వచ్చిన బిడ్డే పిట్ట. ఇంకా బడి ముఖం చూడని వయసు. పిట్ట అన్న పేరు పెద్దనాన్న పెట్టిందే. రెండు మెతుకులు కొరికి తిన్నానని లేచిపోయేది, కిటికీ గట్టుమీద ముడుచుకుని కూర్చునేది. వచ్చినరోజు గుమ్మంలో నిలబడి రెండు అరచేతులతో మొహం కప్పుకుంది. ఎంత బుజ్జగించినా తీయలేదు. తింటున్నప్పుడు ఒక చెయ్యి తీసి, రెండో చేత్తో కళ్ళు మూసుకుని తినేది. పడుకున్నాక కూడా చేతులు మొహం మీదే ఉండేవి. ఇంతకుముందు ఎవరి దగ్గర ఏం చూసిందో, ఏం చూడకూడదని కళ్ళు మూసుకుందో ఆఫీసువాళ్ళు చెప్పలేదు, వీళ్ళు అడగలేదు.

కొత్త రీలు వేసిన హుషారులో పెద్దనాన్న ఆ పిల్లని అలాగే, చేతులు మొహం మీద ఉండగానే, మూడు నాలుగు తీశాడు. ఆ కెమెరా నొక్కితే వచ్చే చప్పుడు చీమ తుమ్మినట్టు ఉండేది. ఫోటో అయిందో లేదో ఎదుటివాళ్ళకి తెలిసేది కాదు. అందుకని ఆయన నొక్కిన ప్రతిసారీ గట్టిగా అరిచేవాడు, "పడ్డావ్!" అని.

మొదటిసారి ఆ కేక విని పిట్ట వేళ్ళ సందులోంచి తన కాళ్ళకేసి చూసుకుంది. ఎక్కడా పడలేదు. నిలబడే ఉంది.

"భయపెట్టకండి పసిదాన్ని," అని కసిరింది పెద్దమ్మ.

"ఫోటోలో పడ్డావే పిట్టా, నేలమీద కాదు," అన్నాడాయన.

పెద్దమ్మ తొందరపడలేదు. మెషీను తొక్కుతూ తన పాటికి తాను మాట్లాడుతూ ఉండేది. ఈ ప్యాంటు ఆయన పొట్ట చూశావా ఎంతుందో, ఈ కర్టెను కిటికీకా సినిమాహాలుకా, అని. గంప పక్కన కూర్చున్న పిట్ట చేతులు మెల్లమెల్లగా కిందికి జారాయి. ముందు ఒక కన్ను బయటపడింది. తర్వాత ముక్కు. ఒకరోజు పెద్దమ్మ పొరపాటున ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపుకి కుట్టేసి తల బాదుకుంటుంటే, కిలకిలమని ఒక నవ్వు వినిపించింది. తిరిగి చూస్తే పిల్ల మొహం మీద చేతులు లేవు. బుగ్గలున్నాయి, ముందరి పళ్ళ మధ్య సందుంది, ఎడమ కనుబొమ్మ కింద చిన్న మచ్చుంది. పెద్దమ్మ ఆ మొహాన్ని అప్పుడే మొదటిసారి పూర్తిగా చూసింది. పొంగిపోయింది.

అక్కణ్ణుంచి ఇక ఆ పిల్లని పట్టడం ఎవరి తరమూ కాలేదు. ఫ్లాష్ పనిచేయదు గనక ఫోటోలు ఎండ ఉన్నప్పుడు బాల్కనీలోనే తీయాలి. ఎండ వస్తే చాలు, "పెద్దనాన్నా, పడతాను రా!" అని చెయ్యిపట్టి లాక్కుపోయేది. ఆరేసిన దుప్పట్ల వెనక నుంచి ఒకటి, పెద్దనాన్న టోపీ పెట్టుకుని ఒకటి, కుట్టు సగమైన కోటులో మునిగిపోయి ఒకటి. నొక్కగానే ఇద్దరూ ఒకే గొంతుతో "పడ్డావ్!" "పడ్డాను!" అని అరిచేవాళ్ళు. పక్కింటివాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు.

పిట్టకి సందేహాలు కూడా ఎక్కువే.

"పడితే దెబ్బ తగలదా పెద్దనాన్నా?"

"తగల్దు. లోపల మెత్తగా ఉంటుంది."

"చీకటిగా ఉంటుందా?"

"చీకటే మరి. కటిక చీకటి. అలా ఉంటేనే మంచిది."

"అందరూ ఉన్నారా అందులో? టోపీ పెట్టుకున్న నేనూ, దుప్పటి వెనక నేనూ?"

"అందరూ వరసగా కూర్చున్నారు. నువ్వీ తలుపు మాత్రం తీయకూడదు, తెలిసిందా? తీశావంటే లోపలున్నవాళ్ళంతా పోతారు." ఆయన రబ్బరు బ్యాండుని ఒకసారి టప్పుమని లాగి వదిలాడు.

ఆ మాటలు ఆయన ఎప్పటిలాగే సరదాగా అన్నాడు. ఆయన నోరు ఎప్పుడూ అంతే, దానికి కళ్ళెం లేదు. పిట్ట మాత్రం నవ్వలేదు. కెమెరాని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నది.

పిట్టని పెంచుకోవడానికి ఒక జంట సిద్ధమయ్యారని మేడమ్ వచ్చి చెప్పింది. ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది, ఆయన సంగీతం నేర్పుతాడు. ఇద్దరూ చాలాసార్లు వచ్చి పిట్టతో ఆడుకుని వెళ్ళారు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. దొరికితే బాగుండునని పెద్దమ్మ లోలోపల అనుకుందంటే తప్పు పట్టకండి. ఆవిడ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని పిట్ట చెప్పే కబుర్లన్నీ ఓపిగ్గా వినేది. ఆయన గుండీలు తెగిన చొక్కాలతో వచ్చేవాడు, పెద్దమ్మే కుట్టి పంపేది. మంచి మనుషులు. ఏం చేస్తాం?

వెళ్ళడానికి ముందురోజు సాయంత్రం పెద్దమ్మ పిట్టకి తలంటి బాల్కనీలో కూర్చోబెట్టింది. ఎండ ఏటవాలుగా పడుతోంది. తడిజుట్టు మొహం చుట్టూ అంటుకుని, పిల్ల దేనికో పగలబడి నవ్వుతోంది. పళ్ళ సందు, కనుబొమ్మ కింద మచ్చ, అన్నీ వెలుగులో ఉన్నాయి. పెద్దమ్మ గబగబా కెమెరా అందుకుంది. చక్రాన్ని సగం తిప్పి, మిగతా సగం పళ్ళు బిగించి తిప్పి, ఊపిరి బిగబట్టి నొక్కింది. మళ్ళీ తిప్పబోతే చక్రం రాయిలా బిగుసుకుపోయింది. రీలు అయిపోయింది.

"ఇదేనండీ," అంది భర్తతో.  "మేడమ్ ఒక్కటి ఉంచుకోమంది కదా. నాకిది చాలు. ఇది ఉంటే ఈ పిల్ల మొహం నాకెప్పటికీ పోదు."

మర్నాడు పొద్దున్న ఇల్లంతా హడావిడి. సంచీలో గౌన్లు సర్దుతూ, ఒక మేజోడు దొరికితే రెండోది దొరక్క పెద్దమ్మ మంచాల కింద వెతుకుతోంది. వెతుకులాట ఒక సాకు. మంచం కింద ఏడిస్తే ఎవరికీ కనపడదు. అప్పుడు బాల్కనీలోంచి పిట్ట వచ్చి వంగి చూసింది. చేతిలో కెమెరా ఉంది.

"పెద్దమ్మా, నేను తీశాను."

"ఏం తీశావే?"

"అందరినీ తీశాను."

"అబ్బో, నువ్వూ ఫోటోలు తీసేంతదానివి అయిపోయావూ? రీలు అయిపోయిందే పిచ్చితల్లీ, ఇప్పుడేమీ పడదు."

"పడలేదు. తీశాను," అంది పిట్ట మళ్ళీ, ఎంతో ఓపిగ్గా.

"సరే, తీశావులే, మంచిపని చేశావు," అని కళ్ళు తుడుచుకుని, కెమెరా తీసుకుని బల్లమీద పెట్టింది. రబ్బరు బ్యాండు దాని చోట్లో అది ఉంది. ఆ పిల్ల రోజూ జడకి పెట్టుకునేది అలాంటిదే, తీయడమూ పెట్టడమూ దానికి బాగా అలవాటు.

కారు వచ్చింది. పిట్ట ఏడవలేదు. అదే పెద్దమ్మకి వింతగా అనిపించింది. ఇంతకుముందు వెళ్ళిన పిల్లలు గుమ్మం పట్టుకుని ఏడ్చారు, పమిట పట్టుకుని ఏడ్చారు. పిట్ట మాత్రం కారు కిటికీలోంచి ఇంటికేసి ఒకసారి చూసి, తృప్తిగా చెయ్యి ఊపింది. ఆ రాయి లాంటి ధైర్యం చూసి పెద్దమ్మ మనసు కాస్త చిన్నబుచ్చుకుంది కూడా. అంత తేలిగ్గా వెళ్ళిపోతోందా ఈ పిల్ల?

కెమెరాని ఆమే స్వయంగా ల్యాబ్‌కి తీసుకెళ్ళింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో కప్పుకుని కూర్చుంది. ల్యాబ్ అంటే పెద్ద హంగేమీ కాదు, సందులో ఒక ఇరుకు గది. ఈ రోజుల్లో రీళ్ళు తెచ్చేవాళ్ళు తక్కువ గనక ల్యాబ్ ఆయన సగం కొట్టుని తాళంచెవులు చేసేవాడికి అద్దెకిచ్చాడు. రీలు తీసుకుని, కొన్నాళ్ళాగి రమ్మన్నాడు. ఆ కొన్నాళ్ళూ ఆమె కుట్టిన ప్రతి కుట్టూ వంకరే పోయింది.

మళ్ళీ వెళ్ళేసరికి ఆయన మొహం తేడాగా ఉంది. "కూర్చోండమ్మా," అని ఎత్తుపీట జరిపాడు. "దీని వెనక తలుపు మధ్యలో ఎవరైనా తీశారా?"

"లేదే! బ్యాండు వేసే ఉందిగా!"

ఆయన రీలుని వెలుగుకి ఎత్తి పట్టాడు. ఈ చివర్నుంచి దాదాపు ఆ చివరిదాకా తారు పూసినట్టు నల్లగా ఉంది. "పట్టపగలు తలుపు తీసి మళ్ళీ వేశారు. వెలుతురు తగిలి పైచుట్లన్నీ కాలిపోయాయి. మొట్టమొదట తీసినవి బాగా లోపలికి చుట్టుకుని ఉంటాయి చూడండి, అవే కాస్త తప్పించుకున్నాయి. ఇదిగో, ఈ మూడు."

పట్టపగలు తలుపు తీశారు. తీశారు. ఆ మాట దగ్గర పెద్దమ్మ ఆగిపోయింది. మంచం కిందికి వంగి చూసిన ఆ చిన్న మొహం కళ్ళముందుకి వచ్చింది. నేను తీశాను పెద్దమ్మా. అందరినీ తీశాను. పడలేదు, తీశాను.

ఫోటో తీయడం కాదు. నూతిలో పడ్డవాళ్ళని పైకి తీసినట్టు తీసింది. పడ్డావ్ పడ్డావ్ అని ఇంటిల్లిపాదీ అరిచారు, లోపల కటిక చీకటని చెప్పారు, వరసగా కూర్చున్నారని చెప్పారు, తలుపు తీస్తే పోతారని కూడా చెప్పారు. చీకటంటే ఏమిటో పెద్దవాళ్ళకంటే ఎక్కువ తెలిసిన పిల్ల అది. తను వెళ్ళిపోతూ, లోపల చిక్కుకున్న వాళ్ళనెలా వదిలి వెళ్తుంది? తలుపు తీసింది. పొమ్మంది. మళ్ళీ బుద్ధిగా తలుపు వేసి బ్యాండు కూడా పెట్టింది.

పెద్దమ్మ ఎత్తుపీట మీదే కూలబడింది. కోపం తెచ్చుకుందామన్నా ఎవరిమీదా రాలేదు. తాళంచెవులు చేసేవాడు పని ఆపి ఆమెకేసి చూశాడు. ల్యాబ్ ఆయన మంచినీళ్ళిచ్చి, మిగిలిన వాటిలో బాగున్నది ఒకటి కడిగి ఇవ్వనా అని అడిగాడు. ఇమ్మంది.

మిగిలినవన్నీ ఒకలాంటివే. బాల్కనీ గుమ్మంలో ఎండకి నిలబడి, రెండు అరచేతులతో మొహం కప్పుకున్న పిల్ల. నవ్వింది ఒక్కటీ లేదు. మొహమే లేదు.

ఇంటికి వచ్చి ఆ ఫోటో భర్త చేతికిచ్చి, జరిగింది చెప్పింది.  "నా నోరు," అన్నాడాయన. "నా నోటిదూల. పసిపిల్లతో ఆడాల్సిన మాటలా అవి?" ఎప్పుడూ దెప్పే పెద్దమ్మ ఆ పూట ఒక్క మాట కూడా అనలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసింది, అంతే. ఆయన కెమెరాని తీసుకెళ్ళి అటకమీద ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాడు. దానికి కాస్త పనుందని అనలేదు.

ఫోటోని చూడకుండా ఉంటే బాగుండేది. కాని చూసింది, రోజూ చూసింది. అక్కడే అసలు దెబ్బ తగిలింది. మొదట్లో కళ్ళు మూసుకుంటే బాల్కనీలో నవ్విన పిట్ట వచ్చేది. పోను పోను, ఆ నవ్వు వచ్చేలోపే ఫోటోలోని చేతులు ముందుకి వచ్చి మొహాన్ని కప్పేయడం మొదలుపెట్టాయి. మచ్చ ఏ కనుబొమ్మ కిందో ఒకరోజు తడుముకుంది. ఎడమదే అనుకుంది. గట్టిగా చెప్పలేకపోయింది. ఏది పోకూడదని ఇంత తంటాలు పడిందో అదే, ఫోటో వల్లే, తొందరగా పోతోంది. ఫోటోని బల్లమీద బోర్లా పెట్టి దానిమీద కత్తెర పెట్టింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. పిట్టని తీసుకెళ్ళినావిడ. మేడమ్‌ని అడిగి నంబరు తీసుకుందట. ఆవిడ మొహమాటపడుతూ మొదలుపెట్టింది.

"ఏమీ అనుకోకండి. పాప ఇక్కడ బాగానే ఉంది గాని ఒక సంగతి నాకు అంతు చిక్కట్లేదు. మీ దగ్గర ఇంకో పిల్ల ఉందట కదా? అది తిన్నదా, అది పడుకుందా అని రోజూ అడుగుతోంది. సంచీ కూడా విప్పనివ్వడం లేదు. అది అక్కడ సరిగ్గా ఉందో లేదో చెప్తే గాని విప్పదట. ఎవరండీ ఆ పిల్ల?"

 ఆ రోజు పిట్ట ఎందుకు ఏడవలేదో, ఇంటికేసి అంత తృప్తిగా ఎందుకు చూసిందో పెద్దమ్మకి ఇప్పుడు తెలిసింది. లోపలున్నవాళ్ళని పొమ్మనలేదు ఆ పిల్ల. పెద్దమ్మ దగ్గర ఉండమని బయటికి తీసింది.

"ఒకసారి పాపకివ్వండి," అంది.

కాస్త గలగల, ఊపిరి చప్పుడు. తర్వాత ఆ గొంతు. "పెద్దమ్మా! అది తిన్నదా?"

"తిన్నదమ్మా. ఇప్పుడే తిన్నది."

"అందరూ వచ్చారా బయటికి?"

పెద్దమ్మ కత్తెర పక్కకి జరిపి ఫోటోని తిప్పింది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది గాని పూర్తి అబద్ధం రాలేదు. "అందరూ వచ్చారు తల్లీ. తక్కినవాళ్ళు ఆడుకోవడానికి వెళ్ళిపోయారు. ఒక్కతి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది."

"ఏది? నవ్వేదా?"

"కాదమ్మా. చేతులతో మొహం మూసుకున్నది."

  పిట్ట పెద్దదానిలా గొంతు తగ్గించి చెప్పింది, "దాన్ని తొందరపెట్టకు పెద్దమ్మా. దానికింకా భయం పోలేదు. నువ్వు మెషీను తొక్కుతూ మాట్లాడుతూ ఉండు, చాలు. తర్వాత అదే తీస్తుంది చేతులు."

"అలాగేనమ్మా," అంది పెద్దమ్మ. 

"మరి అది నీ దగ్గరుంది కదా. నేనిక్కడ ఉండనా? ఇద్దరం నీ దగ్గరే ఉంటే వీళ్ళకెవరూ ఉండరు."

ఆ పిల్ల అనుమతి అడుగుతోంది. ఇన్నాళ్ళూ సంచీ విప్పకుండా కూర్చున్నది ఈ ఒక్క మాట కోసమే. కాదు, నువ్వే కావాలి, ఆ ఫోటో నాకెందుకు అని గొంతుదాకా వచ్చింది పెద్దమ్మకి. మింగేసింది.

"ఉండు తల్లీ. నువ్వక్కడే ఉండు. దీన్ని నేను చూసుకుంటాను."

"సరే," అంది పిట్ట, ఎంతో తేలికపడ్డ గొంతుతో. ఫోను ఇచ్చేసి పరుగెత్తిన అడుగుల చప్పుడు, వెనకే సంచీ జిప్పు లాగిన చప్పుడు వినిపించాయి. అవతలావిడ ఏదో అడుగుతోంది. తర్వాత చేస్తానని చెప్పి పెద్దమ్మ ఫోను పెట్టేసింది.

చేతిలో సగం కుట్టిన కర్టెను ఉంది. దాన్ని ఒళ్ళో వేసుకుని, పైకే వినిపించేలా, చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఫోటోని మెషీను పక్కన కిటికీకి ఆనించి నిలబెట్టింది, సూదిలో దారం ఎక్కించి, తొక్కడం మొదలుపెట్టింది.

"ఈ కర్టెను చూశావటే," అంది ఆ ఫోటోతో, "ఎంత పొడుగుందో."